లోపల వదిలిన గుడ్డ

ఆమదాలవలసలో పంచదార మిల్లు మూసేసిన ఏడాది
నేను మిషను కొన్నాను.
మిల్లు పోయినా పంచదార ఊరు వదల్లేదు,
మన ఆడోళ్ల నెత్తుట్లోకి కాపురం మారీసింది.
ఈ మాట నాది కాదు, దాలమ్మది.
జాకెట్టు కుట్లు విప్పించుకోడానికొచ్చి
నవ్వుతూ అంది, ఈ ఏడాదిలో మూడోసారి.

విప్పడానికి లోపల ఇంకేం లేదు.
ముందుచూపుతో నేను వదిలే రెండంగుళాల గుడ్డలో
మొదటి కాన్పుకి ఒక కుట్టు,
గర్భసంచి తీసేసినప్పుడు ఒక కుట్టు,
మొగుడు మంచాన పడి రాత్రుళ్లు నిద్రలేని ఏడు
మరొకటి.
చంక కింద పాత సూది బెజ్జాలు
చీమలు నడిచిపోయిన దారిలా.

నా కొలతల పుస్తకానికి ఇరవై రెండేళ్లు.
ఆసుపత్రి చీటీ కంటే ముందే జబ్బు అందులో పడుతుంది.
అసిరితల్లి: ఛాతీ ముప్పై రెండు, నడుం ఇరవై ఆరు,
పక్కనే పెళ్లి తారీకు.
పేజీలు తిప్పుకుంటూ పోతే
చేతులు అలాగే సన్నంగా ఉండి
నడుం ఒక్కటే పెరుగుతుంది,
గది అద్దెకు దిగినవాడు ఇల్లంతా ఆక్రమించినట్టు.

ఏం తిన్నారని?
పారేస్తే పాపమని, పిల్లలు వదిలేసిన మెతుకులు.
కోటా బియ్యం, మూడు పూటలా.
చోడి అంబలి నామోషీ అయిపోయింది.
టీ మాత్రం ఆరుసార్లు,
కూర్చోడానికి అదొక్కటే వంక.

పదహారేళ్ల గుంట వస్తే మెడ చుట్టూ టేపు వేస్తాను.
మెడ వెనక ముఖమల్ గుడ్డలా నలుపు.
'శెనగపిండెట్టి ఎంత రుద్దినా మురికి పోదు పిన్నీ' అంటుంది.
కాలరు పెట్టి పైకి కుట్టమంటుంది.
కుట్టాను.
అది నా పాపాల్లో ఒకటి.

రెండోది:
నోటితో ముప్పై ఆరంటాను,
పెన్నుతో ముప్పై తొమ్మిది రాస్తాను.
'ఒళ్లు సేసినానేటి?' అని ఎవరడిగినా
'ఉతుకులో గుడ్డ ముడుచుకుపోయిందప్పా' అంటాను.
గుడ్డ మీదికి నెట్టిన నిందలన్నీ పోగేస్తే
ఒక తాను అవుతుంది.

ల్యాబులో పనిచేసే లిఖిత, దాలమ్మ చెల్లెలి కూతురు,
చీర పట్టుకొచ్చి కూర్చుని చెప్పింది:
ప్రతి కణంలోనూ దారాలుంటాయట,
కొసన పీచు లేవకుండా కట్టు ఉంటుందట,
కణం రెండైన ప్రతిసారీ అది కాస్త అరుగుతుందట.
ఒళ్లు బరువెక్కి, నెత్తురు తీపెక్కి,
లోపల ఊకమంట రగులుతుంటే
ఇంకా తొందరగా అరుగుతుందట.
'పికో' అన్నాను.
'ఏటి?'
'చీరంచుకి పికో. అది పోతే పోగులు వాటంతటవే లేస్తాయి.'
కాసేపు నన్నే చూసి, 'అదే' అంది.
'మళ్లీ కుడతారా?'
'నడవమంటన్నారు. బాగా నిద్రపొమ్మంటన్నారు.'
దాలమ్మ ఫక్కున నవ్వింది.
'నిద్ర ఏ కొట్లో అమ్ముతారో సెప్పు, అరువెట్టి తెస్తాను.'

నవ్వు ఆపి, చేతులెత్తి నిలబడింది.
'ఈసారి పుస్తకంలో రాసిందే నోటితో సెప్పు.'
తనకి ఎప్పుడో తెలుసన్నమాట.
నలభై ఒకటిన్నర అన్నాను.
లిఖిత తన సంచిలోంచి కొత్త టేపు తీసి చుట్టింది.
నలభై మూడు.

బల్ల మీద రెండు టేపులూ పక్కపక్కన పరిచాం.
నాది రెండంగుళాలు పొడుగు.
ఇరవై రెండేళ్లు నడుముల చుట్టూ తిరిగి తిరిగి
సాగిపోయింది.
నిజమనుకుని నేను రాసుకున్నది కూడా
తక్కువే.

దాలమ్మ కొత్త టేపు అందుకుంది.
'సేతులెత్తు.'
ఇన్నేళ్లలో నన్ను ఎవరూ కొలవలేదు.
రెండు కొసలూ కలపడానికి ముందుకి వంగితే
ఆమె చెవి నా గుండెకి ఆనింది.
'ఒలే, ఊపిరి బిగబట్టకు' అంది.
వదిలాను.